చర్చి మావ రాతి తొట్టి

ఎచ్చెర్లలో చదువుకుంటున్న మా మనవరాలు సెలవులకు వచ్చినప్పుడల్లా నేను కాళ్లు కడుక్కునే తీరు చూసి నవ్వుతుంది. చేపలమ్ముకుని వచ్చి, గంప దించి, వాకిట్లో కుళాయి దగ్గర కూర్చుంటాను. ముందు మణికట్ల దాకా చేతులు. తర్వాత నోరు పుక్కిలించి, ముక్కు శుభ్రం చేసుకుని, ముఖం కడుక్కుంటాను. ఆ పైన మోచేతుల దాకా చేతులు. తడిచేత్తో ఒకసారి తల నిమురుకుంటాను. ఆఖర్న కాళ్లు, అందులోనూ కుడిది ముందు. ఈ వరస తప్పితే నాకు కడుక్కున్నట్టే ఉండదు.

మొన్న అడిగింది. "ఇదంతా నీకెవరు నేర్పారు అమ్మమ్మా?"

"సర్చిలో నేర్సుకున్నాను."

"చర్చిలో కాళ్లు కడుక్కోరు కదా."

"ఆ సర్చిలో కడుక్కుంటారు," అన్నాను.

అది మళ్లీ ఫోన్లో పడిపోయింది. నన్ను మాత్రం చర్చి మావ ఆ రోజంతా వదల్లేదు. ఆయన పోయి ఇంకా ఏడాది కాలేదు.

ఆయనకు పేరు ఉండే ఉంటుంది. చేపలమ్మే ఆడవాళ్లం మాలో ఒక్కరికీ తెలియదు. చర్చి దగ్గర ఉంటాడు కాబట్టి చర్చి మావ. మమ్మల్ని మాత్రం పేరుపేరునా ఎరుగును గాని, పిలవడం అందరినీ "ఒసే గుంటా" అనే. నాకు మనవలు పుట్టాక కూడా నేను ఆయనకు గుంటనే, చిన్నపిల్లనే.

నౌపడ ఉప్పు మడులు దాటి కొంత దూరం పోతే ఒక చిన్న పాత ఊరు వస్తుంది. సంత రోజుల్లో మేం చేపలు అమ్మేది అక్కడే. ఆ ఊరి చర్చి చూడ్డానికి చర్చిలా ఉండదు. ఎత్తయిన శిఖరం లేదు. ముందు వైపు మూడు కమానులు, పైన కుండ బోర్లించినట్టు ఒక గుమ్మటం. మూలనున్న పొట్టి స్తంభానికి గంట కట్టారు. లోపల పొడుగు తక్కువ, వెడల్పు ఎక్కువ. జనం ఆ చివర నుంచి ఈ చివర దాకా బారుగా కూర్చుంటారు. అందుకని ప్రార్థన చేయించే పాస్టరు అయ్యగారికి ఎవరూ దూరం కారు. పడమటి గోడలో మనిషి నిలబడేంత గూడు ఒకటి ఉంది. సిలువ అందులో పెట్టారు.

నవాబుల రోజుల్లో అది మసీదట. ఆ మనుషులు ఊరు వదిలిపోయాక పాడుబడి ఉంటే, ఉప్పు కచేరీ దొరలు బాగు చేయించి చర్చి చేసుకున్నారట. దొరలు కూడా పోయాక ఊళ్లో క్రైస్తవులకు మిగిలింది. ఈ సంగతి అక్కడ అందరికీ తెలుసు. పైకి అనేవాళ్లు మాత్రం తక్కువ.

గేటులో అడుగు పెట్టగానే ఎడమ చేతి వైపు నుయ్యి, దాని పక్కన పెద్ద రాతి తొట్టి. తొట్టి చుట్టూ కూర్చోడానికి అరిగిపోయిన రాతి దిమ్మలు. ఆ ప్రాంతంలో ఎటు తవ్వినా ఉప్పు నీళ్లే. తాగే నీళ్లు బిందెలతో దూరం నుంచి మోసుకోవాలి. ఈ ఒక్క నూతిలో మాత్రం తియ్యటి నీళ్లు. నేను మొదటిసారి ఆ గేటు తోసింది దాహంతోనే.

ఒక మనిషి నూతి దగ్గర చేద లాగుతున్నాడు. మోకాళ్ల పైకి కట్టిన లుంగీ, తలకు తువ్వాలు. కుడి భుజం ఎడమ భుజం కన్నా బాగా కిందికి దిగిపోయి ఉంది. ఎన్నేళ్లుగా నీళ్లు తోడుతున్నాడో ఆ భుజమే చెబుతుంది.

"కాసిన్ని నీలు పోస్తావా మావా?" అన్నాను.

"పోస్తాను. ముందు కూకో. కాళ్లు కడుగు."

"నాను లోనకి రాను మావా. మేం గంగమ్మ తల్లిని కొలుసుకునేవోళ్లం."

"నిన్ను లోనకి రమ్మన్నదెవలు? ఎండలో నడిసొచ్చినావు. కాళ్లు కడుక్కోడానికి దేవుడెందుకే?"

సరేనని దిమ్మ మీద కూర్చుని ఎడమకాలు చాచాను. చేద తాడు కొసతో నా మోకాలి మీద చిన్నగా తట్టాడు.

"కాళ్లు ఆకర్న. ముందు సేతులు. కాళ్లు కడిగినప్పుడు కూడా కుడిది ముందు."

"ఏది ముందైతే ఏటి?"

"ఏటో నాకూ తెల్దు. తప్పు సేస్తే మా తాత కొట్టేవోడు. నాను కొట్టలేదు. సంతోషించు."

అలా మొదలైంది. తర్వాత మా గుంపంతా అక్కడే ఆగడం మొదలుపెట్టాం. సంత అయ్యాక గంపలు కడుక్కుని, కాళ్లు కడుక్కుని, వరండాలో కాసేపు నడుం వాల్చి, సాయంత్రం బండికి వెళ్లేవాళ్లం. దారిలో ఆడవాళ్లు కూర్చోడానికి, నీళ్లు వాడుకోడానికి అలాంటి చోటు మాకు ఇంకెక్కడా లేదు.

రోజూ పొద్దున్న మొదటి చేద పైకి రాగానే మావ దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కళ్లు మూసుకుని, ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు తిప్పేవాడు. మింగాక, సంతకు వచ్చిన మాకు తీర్పు చెప్పేవాడు. "ఈయేల ఉప్పు తగిల్నాది. సముద్రం కోపంగున్నాది. మీ మొగోళ్లని ఎల్లొద్దని సెప్పండి." మా మగవాళ్లు నవ్వి వేటకు వెళ్లేవాళ్లు. సముద్రం చాపలా పరుచుకుని ఉండేది. తర్వాతి సంతకు నూకాలు అడిగేది. నూకాలు నా తోటికోడలు, దాని నోటికి తాళం లేదు.

"ఏటి మావా, మొన్న సముద్రం కోపమన్నావు. మా ఆయన గంప నిండా కవ్వళ్ల సేపలు తెచ్చినాడు."

"కోపం తగ్గిపోనాదేమో. ఆడదానికి కోపమెంతసేపు?"

"మా సముద్రం సంగతి మాకు నువ్వు సెప్పీదేటి? నువ్వు నూతిలో కప్పవి."

"ఆ కప్ప తోడిన నీలే తాగుతన్నావు. తాగు."

మా గంపల దగ్గర ముక్కు మూసుకోవడం ఆయన సరదా. "ఆదివారం పాట పాడీటప్పుడు కూడా ఎండునెత్తళ్ల కంపే. దేవుడు లెగిసి ఎల్లిపోతాడేమోనని నా బయ్యం."

"నీ దేవుడెక్కడికీ ఎల్లడు," అనేది నూకాలు. "ఆయన ఎంట తిరిగినోళ్లంతా సేపలోళ్లేనంట. అమ్మగారు సెప్పినారు. ఆయనకి ఈ కంపు పుట్టినింటి వాసనే."

అప్పుడు మావ చేద నూతిలో కాస్త గట్టిగా దించేవాడు. అంతే.

అమ్మగారంటే పాస్టరు గారి భార్య. ఆవిడ ఆ వరండాలోనే మధ్యాహ్నాలు మాకు అక్షరాలు నేర్పింది. చర్చి మావను కూడా కూర్చోమంటే ఆయన కూర్చోలేదు. "నాకు ఇంటిపని ఉన్నాది," అనేవాడు. ఆయనకు ఇల్లు లేదు. భార్య పోయాక చర్చి వెనక గదిలోనే ఉండేవాడు. ఇల్లంటే ఆయనకు తొట్టే.

తొట్టి పైన గోడకు నీలం రంగు బోర్డు ఒకటి ఉండేది. ఎవరైనా కాళ్లు కడుక్కోకుండా లోపలికి పోబోతే మావ ఆ బోర్డు చూపించేవాడు. "రాసున్నాది సూడు. కాళ్లు కడుక్కోని రమ్మన్నారు. నా మాట కాదు, రాత." చదువొచ్చిన వాళ్లు ఒక్క క్షణం బోర్డు కేసి చూసి, ఆయన ముఖం కేసి చూసి, నోరు మెదపకుండా కాళ్లు కడుక్కునేవాళ్లు. నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చాక ఒకరోజు నేనే నిలబడి చదివాను.

"మావా, కాళ్ల మాట నేదు ఇందల. 'మందిరములో నిశ్శబ్దముగా ఉండవలెను' అని ఉన్నాది."

ఆయన చేద కింద పెట్టి బోర్డు వైపు తలెత్తి చాలాసేపు చూశాడు.

"అలగ రాసున్నాదేటి? మంచి మాటే. అది కూడా సెయ్యండి."

"మరి కాళ్ల సంగతి ఎక్కడా రాసి నేదు గదా."

"రాయలేదు కాబట్టే నాను సెప్పాలి. రాసేస్తే నానెందుకు?"

ఆ తర్వాత కూడా ఆయన జనానికి ఆ బోర్డే చూపించాడు. నేను ఎవరికీ చెప్పలేదు. నూకాలుకి ఒక్కదానికే చెప్పాను, అంటే అందరికీ చెప్పినట్టే.

కాళ్లు కడుక్కోవడం ప్రపంచంలో అన్ని చర్చిల్లోనూ ఉంటుందని ఆయన నమ్మకం. వేరే చర్చి ఎప్పుడూ చూడలేదు మరి. ఒకసారి సంఘంలో ఎవరిదో పెళ్లని విజయనగరం తీసుకెళ్లారు. తిరిగొచ్చి రెండు సంతల దాకా ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. మేం వదల్లేదు. ఆఖరికి తనే చెప్పాడు.

"పెద్ద సర్చి. గుమ్మంలో అడుగెట్టగానే తెల్లరాతి తొట్టి. సక్కగున్నాది గాని, నడుం ఎత్తున కట్టినారు. ఈ ఊరోళ్లు కాలెలగెత్తుతారబ్బా అనుకున్నాను. సేతులు కడిగినాను. నోరు పుక్కిలించినాను."

"అందల ఉమ్మినావేటి?"

"సీ. పూలకుండీలో. మొకం కడిగినాను. గోడ పట్టుకోని ఎలగో కుడికాలెత్తి పెట్టినాను. నల్లకోటాయన పరిగెట్టుకొచ్చినాడు. అది సిన్నపిల్లలకి బాప్తీసమిచ్చే తొట్టంట."

వరండాలో ఆడవాళ్లం ఒకరి మీద ఒకరం పడి నవ్వాం. ఆయన నవ్వలేదు.

"మరి ఎడంకాలో, మావా?"

"అదే గదే నా బాద. కుడిది తడిసిపోనాది, ఎడంది ఎండిపోయి ఉన్నాది. పెళ్లి జరిగినంతసేపూ ఆ కాలు నాది కానట్టే ఉన్నాది. ఇంకో సంగతి సెప్తాను. అంత పెద్ద సర్చిలో కాళ్లకి తొట్టి నేదు. కాళ్లతో ఎలగొచ్చినోళ్లు అలగే ఎల్లిపోతన్నారు."

ఆ చివరి మాట అన్నప్పుడు ఆయన గొంతులో కోపం లేదు. వాళ్ల మీద జాలే ఉంది.

తిత్లీ తుఫాను వచ్చిన ఏడాది మా వైపు జీడితోటలు, కొబ్బరి చెట్లు నేలకొరిగాయి. చర్చి గుమ్మటం బీటలు వారింది, ప్రహరీ గోడ పడిపోయింది. బాగుచేసే పని చర్చి సంఘం పెద్ద తన మీద వేసుకున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి. చెడ్డవాడు కాదు. ఆదివారం పిల్లలకు పాటలు నేర్పేది ఆయనే. కూలిన ప్రహరీ రాళ్లూ మట్టీ తొట్టి పక్కన కుప్ప పోయించి, మావను పిలిచి చెప్పాడు.

"తొట్టి పూడ్చేద్దాం. పైన గచ్చు చేసి టైల్సు వేయిస్తాను. నూతికి మోటారు పెడతాం. ఈ వయసులో నీకు తోడే బాధ కూడా తప్పుద్ది."

"నాను బాద అన్నానా బాబూ?"

"నువ్వు అనవులే. కాని ఆలోచించు. తొట్టీ, ఈ దిమ్మలూ చూస్తే చాలు, ఇదేంటో ఎవడికైనా తెలిసిపోద్ది. దేశంలో సంగతులు చూస్తన్నావు కదా, ఎక్కడెక్కడ ఏ గొడవలవుతన్నాయో. రేపెవరైనా వచ్చి ఇది మాది, ఖాళీ చెయ్యండంటే ఈ నలభై గడపలూ ఎక్కడ కూర్చుని ప్రార్థన చేసుకోవాలి?"

ఆయన భయం ఉత్తిది కాదని నాకూ అనిపించింది. ఎవరింటికి వాళ్లు భయపడతారు. సంఘం పెద్ద వెళ్లాక మావ దిమ్మ మీద కూర్చుని నాతో అన్నాడు.

"అందరూ నన్ను సర్చి కాపలా అంటారు. మా తాతలెప్పుడూ సర్చికి కాపలా లేరే గుంటా. అంతకు ముందు మసీదుకీ లేరు. ఆళ్లు ఈ తొట్టికి నీలు పోసేవోళ్లు. లోన ఎవలుంటే లోపల ఆళ్లది. బయట నీలు మాయి. తొట్టి పూడ్సేస్తే మరి నానెవల్ని?"

నేను కాళ్లు కడుక్కున్నాను.

తర్వాతి సంత రోజున ఒక ఆటో వచ్చి గేటు ముందు ఆగింది. తెల్లగడ్డం, తలమీద టోపీ పెట్టుకున్న పెద్దాయన ఒకరు దిగారు. వెంట ఆయన కూతురు. ఆ సమయానికి సంఘం పెద్ద మేస్త్రీతో మాట్లాడుతూ అక్కడే ఉన్నాడు. వాళ్లను చూడగానే ఆయన వచ్చి గేటు మీద చెయ్యి వేశాడు.

"ఎవరు కావాలండీ?"

"శ్రీకాకుళం నుంచి వచ్చాం," అన్నారు ఆ పెద్దాయన. "మా నాన్నగారి ముత్తాతలు ఈ ఊరివాళ్లు. ఇక్కడే నమాజు చేసేవాళ్లని మా నానమ్మ చెప్పేది. ఒకసారి చూసి వెళ్దామని."

"చూడ్డానికేనా?"

"చూడ్డానికే."

సంఘం పెద్ద గేటు మీద నుంచి చెయ్యి తీయలేదు. కూతురు తండ్రి చొక్కా పట్టుకుని, వెళ్లిపోదామన్నట్టు లాగింది. వరండాలో మేమంతా లేచి కూర్చున్నాం. అప్పుడు నూతి దగ్గర నుంచి చర్చి మావ గొంతు వినిపించింది. ఎవరొచ్చినా అనే మాటే.

"లోనకి తర్వాత ఎల్దురు గాని, ముందు కాళ్లు కడుక్కోండి బాబూ. రాసున్నాది సూడండి."

పెద్దాయన బోర్డు చదివారు. నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. ఆయన చెప్పులు విడిచి వచ్చి దిమ్మ మీద కూర్చున్నారు. చొక్కా చేతులు మడిచి, తొట్టిలోని నీళ్ల కేసి కాసేపు ఊరికే చూశారు. తర్వాత మొదలుపెట్టారు. మణికట్ల దాకా చేతులు. నోరు. ముక్కు. ముఖం. మోచేతులు. తడిచేత్తో తల.

మావ చేద తాడు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. సరిదిద్దడానికి నోరు తెరిచి ఉన్నవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. ఆ మనిషి ఒక్కచోట కూడా తప్పలేదు. కాళ్ల దగ్గరికి వచ్చేసరికి కుడికాలే చాచారు.

"తమరికెవరు నేర్పినారు బాబూ?" అని అడిగాడు మావ.

"మా నాన్న. ఆయనకి వాళ్ల నాన్న. ఎందుకు?"

మావ ఆయన ఎదుట దిమ్మ మీద కూర్చుని తనూ కడుక్కోవడం మొదలుపెట్టాడు. అదే వరస, అదే తీరు. చెయ్యి మోచేతి దగ్గర తిప్పే తిప్పు కూడా ఒకటే. పెద్దాయన కాలు తొట్టి అంచు మీద ఉంచి చూస్తూ ఉండిపోయారు. ఆ కూతురికి అంతా అర్థమైంది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"మీరు ముస్లిములా?" అని అడిగిందామె.

"కాదమ్మా. ఏసు పెబువు బిడ్డలం. ఇది మా తాత నేర్పినాడు."

"ఈ అమ్మ కూడా అలాగే కడుక్కుంటుంది," అని నన్ను చూపించాడు మేస్త్రీ. "గంగమ్మని కొలిసే మనిసి."

ఆ అమ్మాయి నవ్వింది. నాకు సిగ్గేసింది. పెద్దాయన మాత్రం నవ్వలేదు. మావ చేతిని రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు పట్టుకున్నారు. ఇద్దరి తడిచేతుల నుంచీ నీళ్లు ఒకే మట్టిలో కారుతున్నాయి.

లోపలికి వెళ్లి ఆయన ఒక పక్కగా నిలబడ్డారు. గూట్లోని సిలువనూ, గోడలనూ, పైన గుమ్మటాన్నీ చూశారు. బయటికి వచ్చాక సంఘం పెద్దతో, "మేం ఖాళీగా వదిలిపెట్టి పోయిన ఇల్లు. మీరు ఇన్నేళ్లూ దీపం పెట్టారు. సంతోషం," అన్నారు. కూతురు సీసాలో నూతి నీళ్లు పట్టుకుంది. ఆటో వెళ్లిపోయింది.

మాకు మనసు తేలికైంది గాని సంఘం పెద్దకు ఇంకా బరువెక్కింది. మంచి మాటలన్నవాళ్లు రేపు కూడా మంచి మాటలే అంటారని ఏముందన్నాడు. "పొద్దున్నే పూడ్చెయ్యండి," అని మేస్త్రీకి చెప్పి వెళ్లాడు.

మర్నాడు నేను చేపలు లేకుండానే వెళ్లాను. ఆ తొట్టి ఎప్పుడూ సగానికి పైన నిండదు. ఆ రోజు అంచుల దాకా నిండి, ఇంకొక చెంబు పోస్తే పొర్లేలా ఉంది. మావ తెల్లవారుజాము నుంచి తోడాడట. రెండు అరచేతులూ పొక్కిపోయాయి. దిమ్మ మీద కూర్చుని, ఏమీ ఎరగనట్టు, బీడీ వెతుక్కుంటున్నాడు.

పలుగూ పారా పట్టుకుని కూలీలు వచ్చారు. అందరూ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లే. ఇద్దరు తట్టలో మట్టి ఎత్తి తొట్టి దాకా వచ్చి ఆగిపోయారు. ఆ నీళ్లల్లో అడుగున రాయి కూడా కనిపిస్తోంది, అంత తేటగా ఉన్నాయి.

"కానియ్యండి," అన్నాడు సంఘం పెద్ద.

"నిండు మంచినీళ్లలో మట్టెలగ పోస్తాం బాబూ?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

"అయితే ముందు తోడి పారబొయ్యండి."

"ఎక్కడ పారబొయ్యాలి? ఉప్పు నేల మీదా? మా ఇంట్లో ఆడోళ్లు బిందెడు నీలకి పొద్దున్న ఎల్తే మద్దేనానికొస్తన్నారు. ఇయి నానే పారబోసినానని తెలిస్తే మాయావిడ నాకు కూడెట్టదు."

తట్ట కింద పెట్టేశాడు. రెండోవాడూ పెట్టేశాడు. సంఘం పెద్ద మావ కేసి చూశాడు. మావ బీడీ కోసం ఇంకా వెతుకుతూనే ఉన్నాడు.

"సరే. ఎండాకాలం రానీ. తొట్టి తనే ఎండిపోద్ది. అప్పుడు చూద్దాం," అన్నాడు సంఘం పెద్ద.

ఇంక ఆ రోజు నుంచి మాకందరికీ ఒకటే పని, తొట్టి ఎండకుండా చూడటం. మావ ఒక్కడి భుజం వల్ల అయ్యేది కాదు. సంతకు వచ్చిన ఆడవాళ్లం ఒక్కొక్కరం కొన్ని చేదలు తోడిపోసేవాళ్లం. సంత లేని రోజుల్లో ఆ కూలీల భార్యలు వచ్చి తమ బిందె నింపుకుని, తొట్టిలోనూ పోసి వెళ్లేవాళ్లు. మావ మాత్రం తాడు ఎవరికీ మనస్ఫూర్తిగా ఇచ్చేవాడు కాదు.

"అలగ కాదే, నూతి గోడకి తగల్నివ్వకు. నీలకి దెబ్బ తగుల్తాది."

"నీలకి దెబ్బేటి మావా?" అనేది నూకాలు. "నీ నడుం సూసుకో ముందు."

"నా నడుం నీ మొగుడికన్నా గట్టిది."

"నిజమే. ఆయనకి నడుమే నేదు."

రోహిణీ కార్తె వచ్చింది. నూతిలో నీళ్లు అడుక్కు వెళ్లాయి, తాడు చాలక ఇంకొక తాడు ముడి వేశారు. తొట్టి మాత్రం తడిగానే ఉంది. ఒక మధ్యాహ్నం సంఘం పెద్ద గొడుగు వేసుకుని వచ్చాడు. ఎండిందో లేదో చూడ్డానికే వచ్చాడని మాకు తెలుసు. ఆయన తొట్టిలోకి చూశాడు. వరండాలో పడుకున్న ఆడవాళ్లను చూశాడు. ఎండకు ఆయన ముఖం కందిపోయి ఉంది. గొడుగు మడిచి పక్కన పెట్టి, మెల్లిగా ఒక దిమ్మ మీద కూర్చుని, ఎడమకాలు చాచాడు.

ఆ చర్చిలో పుట్టి పెరిగిన మనిషి. రైల్వే పని మీద ఎన్నో ఏళ్లు ఎక్కడెక్కడో తిరిగి, వరస మర్చిపోయాడు.

మేమంతా మావ కేసి చూశాం. ఆ రోజు ఊరుకుంటాడేమో అనుకున్నాను. ఊరుకోలేదు.

"సేతులు ముందు బాబూ. కాళ్లు ఆకర్న. కుడిది ముందు."

సంఘం పెద్ద కాలు వెనక్కి తీసుకున్నాడు. చేతులు చాచాడు. మావ చెంబుతో నీళ్లు పోశాడు. ముఖం దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకుని చల్లదనానికి అలాగే ఉండిపోయాడు. అంతా అయ్యాక తువ్వాలుతో తుడుచుకుంటూ, ఎవరితోనో చెబుతున్నట్టు అన్నాడు.

"కాళ్లు కడగడం మన గ్రంథంలో కూడా ఉంది కదా. ప్రభువే శిష్యుల కాళ్లు కడిగారు. అయ్యగారితో మాట్లాడి చూస్తాను."

"మాటాడండి బాబూ," అన్నాడు మావ. "రాసుంటే మరీ మంచిది."

తొట్టి పూడ్చడానికి పోసిన ఆ ప్రహరీ రాళ్లూ మట్టీ గేటు ముందు గుంటలో పోయించారు. వానాకాలం అక్కడ మోకాలి లోతు బురద ఉండేది. ఇప్పుడు లేదు.

వానలు బాగా పడిన నెలలో మావకు జ్వరం వచ్చింది. వారం తిరక్కుండానే పోయాడు. ఆఖరి రోజు కూడా ఎవరో గ్లాసుతో నీళ్లు ఇస్తే నోట్లో పోసుకుని, ఆ బుగ్గ నుంచి ఈ బుగ్గకు తిప్పి, "తియ్యగున్నాది," అన్నాడట.

కబురు తెలిసి మా గుంపంతా గంపలతోనే వెళ్లాం. మేం చేరేసరికి గేటు బయట జనం బారు కట్టి నిలబడి ఉన్నారు. ఏమిటా అని చూస్తే, దిమ్మలు అయిదో ఆరో ఉన్నాయి, వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. ఉప్పు కూలీలు, సంత వాళ్లు, సంఘం వాళ్లు, ఊళ్లో ఏ దేవుణ్ణీ పట్టించుకోని వాళ్లు. ఒక్కరు కూడా కాళ్లు కడుక్కోకుండా లోపలికి పోవడం లేదు. తమ వంతు వచ్చేదాకా నిలబడుతున్నారు. శ్రీకాకుళం నుంచి ఆ తండ్రీ కూతుళ్లు కూడా వచ్చారు. వాళ్లకు ఫోన్ చేసింది సంఘం పెద్దే. నంబరు ఎప్పుడు తీసుకున్నాడో నాకు తెలియదు.

అయ్యగారు ప్రార్థన మొదలుపెట్టడానికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. చేతి గడియారం చూసుకోలేదు. ఎవరినీ తొందరపెట్టలేదు. అంతమంది కడుక్కునేసరికి తొట్టిలో నీళ్లు గబగబా దిగిపోతున్నాయి. అడుగు రాయి బయటపడుతోంది. నూకాలు గంప పక్కన పడేసి నూతి దగ్గరికి పోయింది. నేను తాడు పట్టుకున్నాను. అటు పక్క నుంచి ఎవరో కూడా అందుకుని లాగుతున్నారు. తల తిప్పి చూస్తే సంఘం పెద్ద. తెల్లచొక్కా చేతులు పైకి మడుచుకున్నాడు.

"తోడండమ్మా," అన్నాడు. "ఇంకా మనుషులొస్తన్నారు."